మెట్ల కింది గదిలో ఎముకలు: పదో తరగతి నుంచి తీసేసిన పాఠం గురించి బహిరంగ లేఖ

పదో తరగతి సైన్స్ పుస్తకాలు తయారుచేసే కమిటీల పెద్దలకు, విద్యాశాఖ అధికారులకు, విశాఖపట్నంలో స్కూళ్లు, కాలేజీలు నడుపుతున్న యాజమాన్యాలకు, నాలాగే జీవశాస్త్రం చెబుతున్న టీచర్లకు,

నమస్కారం. మీకు ఎన్ని పనులుంటాయో తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో హైస్కూల్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. జీవులు తరతరాలుగా ఎలా మారుతూ వచ్చాయో చెప్పే జీవ పరిణామం పాఠాన్ని పదో తరగతి పుస్తకంలో తిరిగి పెట్టాలనీ, ఆ పాఠానికి వాడే ఎముకలను మాకు ఇప్పించాలనీ గత రెండేళ్లలో మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి "చూస్తాం" అన్నారు. రెండోదానికి జవాబే లేదు. మూడోది చేతికిద్దామని స్వయంగా వెళ్తే ఒక అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి, "పుస్తకంలో లేని పాఠానికి ఎముకలెందుకు మేడం?" అని అడిగారు. అప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

ముందు ఆ ఎముకల సంగతి. మా ల్యాబ్‌లో ఒక గాజు బీరువా ఉండేది. అందులో కప్ప, పావురం, కుందేలు, గబ్బిలం అస్థిపంజరాలు, ఒక మేక పుర్రె, తీగతో కట్టిన మనిషి చేతి ఎముకలు ఉండేవి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకు ఆ గది కిటికీలన్నీ ఊడిపోయినా బీరువాకు ఏమీ కాలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు ల్యాబ్ గదిని వేరే అవసరానికి తీసుకున్నారు. బీరువా పాత సామాన్ల వాళ్లకు వెళ్లింది. ఎముకలు గోనెసంచిలో మెట్ల కింది గదికి చేరాయి. గబ్బిలం రెక్క అప్పుడే విరిగింది. ఇప్పుడు ఆ గదికి తాళం వేసి ఉంది.

అదే కాలంలో పుస్తకంలోంచి పాఠం కూడా పోయింది. కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో "అనువంశికత, పరిణామం" అని ఉన్న అధ్యాయం ఇప్పుడు "అనువంశికత" మాత్రమే. కోవిడ్ రోజుల్లో పిల్లల మీద భారం తగ్గించడానికని తీశారు, 2023 నాటికి అది శాశ్వతమైంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో దేశవ్యాప్తంగా 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు చేసి ఆ పాఠాన్ని తిరిగి పెట్టమని కోరారు. పన్నెండో తరగతిలో ఉంది కదా అన్న జవాబే వచ్చింది. ఆ జవాబు ఎందుకు చాలదో కింద రాస్తాను.

ఎముకలెందుకంటారా? మా క్లాసులో ఏం జరుగుతుందో చెబుతాను.

శనివారం సాయంత్రం పిల్లలతో, "రేపు ఇంట్లో చికెన్ వండితే రెక్క ఎముకలు పారేయకుండా కడిగి ఆరబెట్టి తెండి" అంటాను. తినని ఇళ్ల పిల్లలు పక్కవాళ్లతో కలిసి చూస్తారు. సోమవారం బెంచీ మీద పేపర్ పరిచి వరసగా పెడతాం. పైన ఒక ఎముక. దాని తర్వాత జంటగా రెండు. ఆ తర్వాత కొసన అతుక్కుపోయిన చిన్న ముక్కలు. "ఇప్పుడు మీ చెయ్యి తడుముకోండి" అంటాను. భుజం నుంచి మోచేతి దాకా ఒకటి. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు. మణికట్టులో గులకరాళ్లలాంటి చిన్న ఎముకలు, తర్వాత వేళ్లు. క్లాసులో మాటలు ఆగిపోతాయి. ఎవరి చెయ్యి వాళ్లు తడుముకుంటూ కోడి ఎముకల వైపు చూస్తుంటారు.

తర్వాత పాయాకు వాడే మేక కాలు. దాని వెనక కాలు మధ్యలో వెనక్కి తిరిగినట్టు కనబడేది మోకాలు కాదు, మడమ. మేక రెండు వేళ్ల గోళ్ల మీద నడుస్తోంది. ఆ గోళ్లే గిట్టలు. గిట్టల పైనున్న పొడవాటి ఎముక మీద నిలువుగా ఒక గాడి ఉంటుంది. మేకపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడు అవి రెండు వేరు వేరు ఎముకలు, తర్వాత ఒకటిగా కలిసిపోతాయి. అతుకు వేసిన చోటు మిగిలింది. పిల్లలకు ఈ గాడి చూపించినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి మీరు.

గబ్బిలం రెక్కలో అవే ఎముకలు, వేళ్లు మాత్రం గొడుగు కమ్మీల్లా సాగి ఉంటాయి. మన బీచ్‌లో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు ముందు కాలులోనూ అవే, తెడ్డులా చదునుగా. ఎగరడం, ఈదడం, పరిగెత్తడం, అన్నం కలుపుకోవడం: నాలుగు పనులకు విడివిడిగా పనిముట్లు చేసే మనిషి గొడుగుకూ తెడ్డుకూ ఒకే చట్రం వాడడు కదా. మరి ఇక్కడ చట్రం ఒకటే ఎందుకైంది? అందరికీ అది ఒకే పూర్వీకుల నుంచి వచ్చింది కాబట్టి. పాత ఇంటినే తరతరాలుగా సర్దుకుంటూ వచ్చినట్టు, ఉన్న ఎముకలే సాగాయి, కుదించుకున్నాయి, అతుక్కున్నాయి.

ఈ పోలికలు పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్‌ను నమ్మినవాళ్లు కల్పించినవి కావు. 1555లోనే పియర్ బెలోన్ అనే ఫ్రెంచి పండితుడు మనిషి అస్థిపంజరాన్నీ పక్షి అస్థిపంజరాన్నీ పక్కపక్కన గీసి ఏ ఎముకకు ఏది సరిపోతుందో చూపించాడు. ఇలాంటి అవయవాలను మనం పాఠాల్లో నిర్మాణ సామ్య అవయవాలు అంటాం. 1843లో ఆ భావానికి స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్. ఆయన తర్వాత డార్విన్ వాదాన్ని గట్టిగా వ్యతిరేకించాడు కూడా. అయినా అలాంటి పోలికలే 1859లో డార్విన్ పుస్తకంలో బలమైన సాక్ష్యాలయ్యాయి. ఒప్పుకోనివాడి చేతిలోనూ ఎముకలు అదే వరసలో ఉన్నాయి.

పోలికలన్నీ చుట్టరికం కాదు, ఇది కూడా పిల్లలకు తెలియాలి. ఒకే స్కూలు యూనిఫాం వేసుకున్న ఇద్దరు పిల్లలు అన్నదమ్ములు కానక్కర్లేదు. ముక్కు, చెవులు, నవ్వు కలిస్తే అప్పుడు అడుగుతాం, మీది ఒకే ఇల్లా అని. తూనీగ రెక్క, పావురం రెక్క యూనిఫాం లాంటివి. పని ఒకటే, లోపల కట్టుబడి వేరు. తూనీగ రెక్కలో ఎముకే లేదు.

ఈ తేడా నాకంటే బాగా చెప్పిన పిల్ల ఒకతి ఉంది. 2021 డిసెంబర్‌లో తంతడి తీరంలో చిక్కుకుపోయిన తిమింగల సొరను అటవీశాఖ సిబ్బంది, మత్స్యకారులు కలిసి మళ్లీ సముద్రంలోకి పంపించారు. మర్నాడు క్లాసులో అందరూ "తిమింగలం, తిమింగలం" అంటుంటే జాలరిపేట నుంచి వచ్చే అమ్మాయి లేచి, "తిమింగలం కాదు మేడం, సొర. తోక నిలువుగా ఉంది. తిమింగలానికి తోక అడ్డంగా పడుకుని ఉంటుందని మా నాన్న చెప్పాడు" అంది. ఒక్క వాక్యంలో సగం పాఠం అయిపోయింది. సొర చేప జాతి. ఒళ్లు పక్కకు ఊపుతూ ఈదుతుంది, కాబట్టి తోక నిలువు. తిమింగలం పాలిచ్చే జంతువు. పరిగెత్తే కుక్క వెన్ను ఎలా పైకీ కిందకీ వంగుతుందో, నీళ్లలో దాని వెన్నూ అలాగే వంగుతుంది, కాబట్టి తోక అడ్డం. సొర రెక్కలో మృదులాస్థి (మన చెవి డొప్పలో ఉండేలాంటి మెత్తటి ఎముక) కడ్డీలుంటాయి. తిమింగలం ఈత రెక్క కోసి చూస్తే లోపల చెయ్యి ఉంటుంది, వేళ్లతో సహా. వెనక కాళ్లు పోయినా కటి ఎముకల ముక్కలు కండలో దాగి ఉంటాయి. అవి పూర్తిగా పనికిరానివని మనం బట్టీ పట్టిస్తున్నాం, అదీ తప్పే. పునరుత్పత్తి అవయవాల కండరాలు వాటికి అంటుకుని ఉంటాయి. నడవడానికి వాడిన ఎముక ఇప్పుడు వేరే పని చేస్తోంది.

తిమింగలం నేల మీది జంతువు సంతతి అనడానికి మన దేశపు రాళ్లలోనూ సాక్ష్యం దొరికింది. ఎ.రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్లు సేకరించారు. ఆయన పోయాక ఆయన భార్య వాటిని థీవిసన్ అనే శాస్త్రవేత్తకు అప్పగించారు. వాటిలో ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా పొరపాటున విరిగితే, లోపల చెవి ఎముక ఒకవైపు మందంగా కనిపించింది. అలాంటి చెవి అప్పటిదాకా తిమింగలాల కుటుంబంలోనే తెలుసు. ఆ జంతువు ఇండోహ్యస్. సుమారు 4.8 కోట్ల ఏళ్ల కిందటిది, గిట్టలున్న చిన్న ప్రాణి. 2007లో ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. ఒక భార్య రాళ్లను పారేయకుండా దాచిపెట్టడం వల్ల ఇది బయటపడింది. మెట్ల కింది గదివైపు వెళ్లినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది.

"కోతి నుంచి మనిషి పుట్టడం ఎవరైనా చూశారా?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. 2018 జనవరిలో ఒక కేంద్ర మంత్రి కూడా ఇలాగే అంటే మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఆ మాటను ఖండించాయి. నేటి కోతి మనకు తాత కాదు, వేలువిడిచిన చుట్టం. ఇద్దరికీ ముత్తాత ఒకరే. "దశావతారాల్లో మత్స్యం, కూర్మం, వరాహం అని ముందే చెప్పారు కదా" అనే పెద్దలూ ఉన్నారు. వాళ్ల భక్తిని నేను తక్కువ చెయ్యను. సింహాచలం చందనోత్సవానికి క్యూలో నిలబడేదాన్నే నేనూ. కానీ వరాహ నరసింహస్వామికి దండం పెట్టుకోవడానికి నాకు ఎముకల సాక్ష్యం అక్కర్లేదు, గబ్బిలం రెక్కను అర్థం చేసుకోవడానికి కావాలి. ఇరవై ఏళ్లుగా ఈ రెండూ నాలో కొట్లాడుకోలేదు.

ఇక ఈ పాఠం లేకపోతే మామూలు జనానికి ఏం నష్టమో చెబుతాను.

1. పదో తరగతి తర్వాత ఎంపీసీ, సీఈసీ, పాలిటెక్నిక్, ఐటీఐకి వెళ్లే పిల్లలు జీవశాస్త్రాన్ని మళ్లీ తెరవరు. పన్నెండో తరగతిలో ఉన్న పాఠం వాళ్లకు లేనట్టే. తానెక్కడి నుంచి వచ్చిందీ ఒక మనిషికి చెప్పడానికి మనకున్న చివరి అవకాశం పదో తరగతి.

2. మన భాషలో పెదవి చీలి పుట్టడాన్ని గ్రహణం మొర్రి అంటాం. ఆ పేరులోనే తల్లి మీద నేరం ఉంది. గ్రహణం రోజు బయటికి వచ్చిందనో, కూరగాయలు కోసిందనో అత్తింట్లో ఆమెను జీవితాంతం ఎత్తిపొడుస్తారు. కడుపులో బిడ్డ ముఖం విడివిడి మడతలుగా మొదలై మధ్యకు వచ్చి కలుస్తుంది. నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు పై పెదవి కలవాలి. కలవకపోతే చీలిక మిగులుతుంది. కోడిపిల్ల ముఖమూ, కుక్కపిల్ల ముఖమూ ఇలాగే మడతలు కలిసి తయారవుతాయి. వాటి పిండాల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూసిన పిల్లవాడు రేపు తండ్రయ్యాక గ్రహణం మాట ఎత్తడు, ఆపరేషన్ ఎక్కడ చేస్తారని అడుగుతాడు. మా స్కూల్లో ఒక ఏడో తరగతి పిల్లవాడికి పెదవి మీద కుట్టు మచ్చ ఉంది. వాళ్లమ్మ నాతో మాట్లాడినప్పుడల్లా కొంగుతో నోరు కప్పుకుంటుంది. బిడ్డకు వచ్చినదానికి ఆవిడ సిగ్గుపడుతోంది. ఈ లేఖ రాయడానికి నాకున్న కారణాల్లో ఆవిడే పెద్దది.

3. తోకలాంటి చిన్న కొసతో బిడ్డ పుడితే దేవుడని కానుకలు వేయడమో, అరిష్టమని దాచడమో చేస్తారు. కడుపులో మొదటి రెండు నెలల్లో ప్రతి మనిషికీ తోక ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. ఈ ఒక్క వాక్యం తెలిసుంటే ఆ బిడ్డను తిన్నగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు.

4. వారాల తరబడి గొంతు బొంగురుగా ఉంటే డాక్టరు ఛాతీ ఎక్స్‌రే రాస్తారు. గొంతు బొంగురుకు ఛాతీ ఫొటో ఎందుకు, డబ్బు గుంజడానికేనని మనవాళ్లు అనుమానపడతారు. స్వరపేటికకు వెళ్లే నాడి ఎడమవైపు గొంతు దాటి ఛాతీలోకి దిగి, గుండె దగ్గరి పెద్ద ధమని కింది నుంచి చుట్టి, మళ్లీ పైకి వస్తుంది. చేపలో అది మొప్పల దగ్గరికి తిన్నగా వెళ్లే నాడి. మెడ పొడవై గుండె కిందికి దిగేకొద్దీ నాడి ధమని కింద చిక్కుకుని సాగుతూ పోయింది. జిరాఫీలో ఈ చుట్టుదారి కొన్ని మీటర్లు. ఛాతీలో గడ్డ ఆ నాడిని నొక్కితే మాట బొంగురుపోతుంది. థైరాయిడ్ ఆపరేషన్‌లో సర్జన్ అంత జాగ్రత్తపడేదీ ఆ నాడి కోసమే. పేషెంటుకు ఇది తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది, పరీక్ష వాయిదా వేసుకోడు.

5. మన పోర్టులో, హార్బర్‌లో బరువులు మోసేవాళ్లలో గజ్జల్లో హెర్నియా (పేగు జారి ఉబ్బడం) వచ్చిన మగవాళ్లు ఎందరో ఉన్నారు. చేపల్లో వృషణాలు ఒంటి లోపలే, పైభాగంలో ఉంటాయి. మగబిడ్డలో అవి కడుపులో మొదలై గజ్జల గుండా కిందికి దిగుతాయి. ఆ దారిలో గోడ బలహీనంగా మిగిలిపోతుంది. ఇది పాపఫలం కాదు, దాచుకోవాల్సిన జబ్బూ కాదు.

6. బైపీసీ పిల్లలకైనా ఈ పాఠం దక్కుతోందా అంటే అదీ అంతంతమాత్రమే. నిర్మాణ సామ్యం (కట్టుబడి ఒకటే), క్రియా సామ్యం (పని ఒకటే) అని రెండు బిట్లు బట్టీపట్టి నీట్‌లో టిక్కు పెడతారు. ప్రాక్టికల్స్ ముందు నాలుగు రోజులు తప్ప స్పెసిమెన్ ముట్టుకోని కాలేజీలు ఉన్నాయని అందరికీ తెలుసు.

పరిణామ శాస్త్రానికి మన తీరంతో ఒక బంధం ఉంది. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప పరిణామ శాస్త్రవేత్తల్లో ఒకరైన జె.బి.ఎస్.హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేశారు. 1964 డిసెంబర్‌లో భువనేశ్వర్‌లో పోయారు. తన శరీరాన్ని పిల్లల చదువుకు వాడుకోమని ముందే రాసిపెట్టి, కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఆయన తన ఎముకలనే మన విద్యార్థులకు ఇచ్చారు. మేము అడుగుతున్నది ఒక పావురం, ఒక కుందేలు ఎముకలు.

నేను జంతువులను కోయమనడం లేదు. కప్పను బతికుండగా పలక మీద మేకులు కొట్టే రోజులు పోయాయి, అది మంచిదే. మా కోరికలు ఇవి.

1. పదో తరగతి పుస్తకంలో జీవ పరిణామాన్ని తిరిగి చేర్చాలి. పేజీల భారమైతే నిర్వచనాలు తగ్గించండి, బొమ్మలూ చేతి పనీ ఉంచండి.

2. అది జరిగేదాకా ప్రతి స్కూల్లో జీవశాస్త్రం టీచరుకు ఏడాదిలో కనీసం నాలుగు పీరియడ్లు ఈ విషయం చెప్పడానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. "సిలబస్‌లో లేనిది చెబుతున్నారు" అన్న మాట మా మీద పడకూడదు.

3. స్టోర్ రూముల్లో పడి ఉన్న స్పెసిమెన్లు, అస్థిపంజరాల లెక్క తీసి, బాగున్నవాటిని బీరువాల్లోకి చేర్చాలి. కొత్తవి కొనడానికి బడ్జెట్ లేదంటే అర్థం చేసుకుంటాం. ఉన్నవాటికి తాళం తీయడానికి బడ్జెట్ అక్కర్లేదు.

4. అనాటమీ మ్యూజియం ఉన్న మెడికల్ కాలేజీలు, జువాలజీ మ్యూజియం ఉన్న డిగ్రీ కాలేజీలు, యూనివర్సిటీలు నెలకు ఒక పూట స్కూలు పిల్లలకు తెరవాలి. వచ్చిన పిల్లలకు ఒక పీజీ విద్యార్థి అరగంట చెబితే చాలు.

5. మన తీరానికి చనిపోయిన తాబేళ్లు, అప్పుడప్పుడూ తిమింగలాలు, డాల్ఫిన్లు కొట్టుకొస్తాయి. పోస్ట్‌మార్టం చేసి ఇసుకలో పూడ్చేస్తారు. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవి, మాలాంటివాళ్లు ముట్టుకోకూడదు, ముట్టుకోం. అటవీశాఖే చట్టప్రకారం ఎముకలు సేకరించి నగరంలో ఒక గదిలో ప్రదర్శనకు పెట్టాలి. బీచ్ రోడ్డులో జలాంతర్గామిని, యుద్ధ విమానాన్ని పిల్లలు లోపలికెళ్లి చూస్తున్నారు. వాటి పక్కన ఒక తిమింగలం చెయ్యి, ఒక తాబేలు చెయ్యి, ఒక గబ్బిలం చెయ్యి, ఒక మనిషి చెయ్యి వరసగా పెట్టిన ఒక్క గది చాలు. ఆ గదిలో జాలరిపేట తండ్రులను కూడా మాట్లాడనివ్వండి.

6. పరీక్షల్లో "నిర్మాణ సామ్య అవయవాలను నిర్వచింపుము" అన్నది ఆపి, మూడు ఎముకల బొమ్మలిచ్చి "వీటిలో చుట్టాలెవరు, ఎలా చెప్పగలవు?" అని అడగండి.

తోటి టీచర్లకు ఒక మాట. ఉత్తర్వు కోసం ఆగకండి. ఈ సోమవారమే కోడి రెక్కతో మొదలుపెట్టండి. తల్లిదండ్రులు ఎవరైనా అభ్యంతరం చెబితే వాళ్లనూ క్లాసుకు పిలిచి కూర్చోబెట్టండి. నేను పిలిచినవాళ్లలో ఎవరూ కోపంగా వెళ్లలేదు.

అధికారులకు చివరిగా: నా నాలుగో అర్జీ ఈ లేఖే. విశాఖలో వర్షాలు మొదలైతే ఆ మెట్ల కింది గదిలోకి నీళ్లు వస్తాయి. సంచి నేల మీదే ఉంది. ఈలోగా తాళం ఇప్పించండి. బీరువా నేను తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచరు,
విశాఖపట్నం